మెషీన్ అప్పగించే పద్ధతి

మొగుడి చొక్కా కాలరుకి సబ్బు పట్టించి ఆమె బ్రష్షుతో రుద్దుతోంది. పక్కనే వాషింగ్ మెషీన్, కడుపునిండా మురికినీళ్లు నింపుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది. అది మూలపడి ఎన్నాళ్లయిందో ఆమె అరచేతుల్ని అడిగితే చెబుతాయి. చొక్కా జేబులో ఏదో గుచ్చుకుంది. చూస్తే పళ్లు కుట్టుకునే పుల్ల. ఆయనకి పుల్ల లేకపోతే భోంచేసినట్టే ఉండదు. వాడిన పుల్లని చెత్తబుట్ట దాకా మోసుకెళ్లే ఓపికా ఉండదు. జేబులో వేసుకుంటాడు. ఆమె దాన్ని తీసి పారేసింది, చేతికి తగిలినప్పుడల్లా చేసేట్టే.

"ఆదివారం నేను చూస్తానన్నాగా," అన్నాడు ఆయన, టీ కప్పుతో వచ్చి తలుపు దగ్గర నిలబడి. ఏ ఆదివారమో చెప్పలేదు. "అయినా నువ్వు బట్టలు కుక్కి కుక్కి దాని ప్రాణం తీశావు."

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఇళ్లలో వాడే మెషీన్లు బాగుచెయ్యడం నేర్పడమే ఆమె ఉద్యోగం. చదువు అవ్వగానే పనిలో చేరాలనుకునే పిల్లలకి, ఒక వృత్తి కాలేజీలో, ఆమె పాఠం చెబుతుంది. నీళ్లు బయటికి తోసే పంపు బొమ్మని కళ్లు మూసుకుని బోర్డు మీద గీయగలదు. కానీ ఇంట్లో పనిముట్ల పెట్టె మాత్రం బీరువా పైన, ఆయన చేతికే అందే ఎత్తులో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇస్త్రీపెట్టె విప్పబోతే, "పాఠాలు వేరు, పని వేరు. నీ ప్రయోగాలు కాలేజీలో చేసుకో," అన్నాడు. ఆయన అన్నది ఒక్కసారే. ఆమె మాత్రం ఇన్నేళ్లూ వింటూనే ఉంది. మెషీన్ బాగున్న రోజుల్లో ఇంకో మాట ఉండేది: "ఉతికేది అదేగా, నువ్వు కాదుగా." రంగు బట్టలు వేరు చేసేదెవరో, జేబులు తడిమేదెవరో, వానొస్తే తీగ మీంచి లాక్కొచ్చేదెవరో, మడతపెట్టి ఎవరి అరలో వాళ్లవి సర్దేదెవరో ఆయనకెప్పుడూ సందేహం రాలేదు. మెషీన్ తనకి తానే జేబులు చూసుకుంటుందని అనుకుని ఉంటాడు.

ఆ వారమే కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిపించాడు. "మీ క్లాసులో సగంమంది నిద్రపోతున్నారమ్మా. మీకేమో బయట పనిచేసిన అనుభవం లేదాయె. వచ్చే టర్ముకి సర్వీసు సెంటర్లో చేసినాయన్ని ఒకర్ని తెద్దామనుకుంటున్నా. మీరు ఆఫీసులో కూర్చుని అడ్మిషన్లు చూసుకోండి. హాయిగా ఉంటుంది."

గోరుచుట్టు మీద రోకటిపోటు. హాయి అనే మాట ఇంత చేదుగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇంట్లో పని లెక్కలోకి రాదు, ఇక్కడ చేసేది పని కిందికి రాదు. ఆ క్లాసు ఆమెది. పొద్దున లేచినప్పటి నుంచి తన పేరు మీద ఉన్నది అదొక్కటే. దాన్ని వదలనని ప్రిన్సిపాల్ గది దాటేలోపే ఆమె గట్టిగా అనుకుంది.

మర్నాడు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కునుకు అనేవాడు అప్పుడే గురక మొదలుపెట్టాడు. రాత్రుళ్లు పార్సిళ్లు దించే పనికి వెళ్లే కుర్రాడు, ఆ పేరు పెట్టింది తోటి పిల్లలే. ముందు బెంచీలో లాయరమ్మ చెయ్యెత్తింది. ఈ పిల్ల అడ్డుప్రశ్న వెయ్యందే ఏ పాఠమూ ముందుకి కదలదు.

"మేడమ్, 'మొదటి అడుగు, వాడేవాళ్లని అడగాలి. చివరి అడుగు, వాడేవాళ్ల చేత మన ఎదురుగా నడిపించి అప్పగించాలి.' రెండూ మాకు నోటికొచ్చు. కానీ ఎవర్ని అడగాలి? మన వర్కుషాపు మెషీన్‌కి ఏ జబ్బూ లేదు. మీరే ఒక వైరు పీకేస్తారు, మేం ఆ వైరు వెతుకుతాం. దొంగని మీరే దాచి మమ్మల్ని పట్టుకోమన్నట్టుంటుంది."

క్లాసు నవ్వింది. ఆమెకి కోపం రావాలి, రాలేదు. ఆ పిల్ల చెప్పింది నిజం. నిజంగా ఆగిపోయిన మెషీన్, నిజంగా విసిగిపోయిన ఇల్లు వీళ్లెవరూ చూడలేదు. ఆ రెండూ ఆమె దగ్గర పుష్కలంగా ఉన్నాయి.

"శనివారం అందరూ మా ఇంటికి రండి," అంది.

ఇంట్లో ఆ మాట చెబితే ఆయన ముద్ద ఆపాడు. "ఇల్లేమైనా వర్కుషాపా?"

"నాకెప్పుడూ అంతేగా," అందామె, ఆయన గ్లాసులో నీళ్లు పోస్తూ. అత్తగారు మాత్రం, "రానీరా, ఇంట్లో నాలుగు మాటలు వినపడతాయి," అంది.

శనివారం చెప్పులన్నీ గుమ్మంలో పోగుపడ్డాయి. ఆమె పిల్లలకి ఒక్కటే చెప్పింది. "ఇవాళ నేను టీచర్ని. చూస్తాను, సాయానికి నోరు విప్పను. పాఠంలో ఉన్నట్టే చెయ్యండి." లాయరమ్మ ముందు ప్లగ్గు పీకింది. తర్వాత, "ఎవర్ని అడగాలి?" అంది.

"నన్నడగండి," అన్నాడు ఆయన, కుర్చీ ముందుకి లాక్కుని. "కొన్నది నేనే."

"కొన్నవాళ్లని కాదు సార్, వాడేవాళ్లని అడగాలి. మీరు వాడతారా?"

"ఇంట్లో అందరం వాడతాం."

"ఎప్పుడాగింది సార్? నీళ్లు పట్టేటప్పుడా, వదిలేటప్పుడా?"

"మధ్యలో."

"ఆగేముందు చప్పుడు మారిందా?"

"మెషీన్ చప్పుడే."

"సబ్బుపొడి ఏ అరలో వేస్తారు?"

ఆయన భార్య వంక చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. తువ్వాలు ఎక్కడుందని, అమ్మ మందు ఎప్పుడు వెయ్యాలని, చుట్టాల ముందు మాట తడబడినప్పుడు మిగతాది ఏమిటని ఆ చూపు అడుగుతుంది. ఆమె అందిస్తుంది, ఆయన తనదే అన్నట్టు చెబుతాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె అందించలేదు. కిటికీలోంచి ఎదుటి మేడ కేసి చూస్తూ నిలబడింది. భయం వేస్తుందనుకుంది, వెయ్యలేదు. ఒళ్లు తేలికైంది.

"వాణ్ణెందుకమ్మా ఏడిపిస్తారు," అంది అత్తగారు. "దాని తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా వాడికి తెలీదు. వాళ్ల నాన్నా అంతే."

లాయరమ్మ కుర్చీ ఖాళీ చేయించి, "మేడమ్, మీరు కూర్చోండి," అంది. "మీకేం వినిపించింది?"

చిన్న ప్రశ్న. పుస్తకంలో ఉన్నదే, ఏటా ఆమే బట్టీ పట్టించేది. కానీ నీకేం వినిపించింది, నీకేమనిపించింది అని ఆ ఇంట్లో ఎవరూ ఆమెని కూర్చోబెట్టి అడగలేదు. ఆమె కూర్చుని చెప్పింది, వదిలేటప్పుడే ఆగిందని, అంతకుముందు కొన్నాళ్లుగా లోపల ఏదో గీరుకున్నట్టు టకటకలాడిందని, నీళ్లు ఆలస్యంగా పోయేవని.

"అయితే పంపే," అన్నాడు కునుకు. బీరువా పైనుంచి పనిముట్ల పెట్టె దించిందీ వాడే. కింద పళ్లెం పెట్టి, చిన్న మూత తిప్పాడు. కుళ్లునీళ్లు జలజలా కారాయి, పళ్లెం నిండినకొద్దీ మిగతా పిల్లలు పారబోశారు. జాలీ బయటికి లాగి వార్తాపత్రిక మీద దులిపాడు. ఒక చొక్కా గుండీ, పెన్ను క్యాపు, ఇంక పుల్లలే పుల్లలు. కొన్ని విరిగి పంపు రెక్కకి అడ్డంగా ఇరుక్కున్నాయి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది. "కుక్కి కుక్కి పాడుచేసింది ఎవరురా?" అని అత్తగారు మెల్లగా అడిగింది. ఆయన ఆ పుల్లల కింది వార్తాపత్రికలో ఏదో చదవసాగాడు. అది తలకిందులుగా ఉంది.

రెక్క శుభ్రం చేసి, మూత బిగించి, లోపల రెండు బకెట్ల నీళ్లు పోసి, ప్లగ్గు పెట్టారు. ఆ నీళ్లు గొట్టంలోంచి సుళ్లు తిరుగుతూ బయటికి పోయాయి. పిల్లలంతా ఆ చప్పుడు పాట విన్నట్టు విన్నారు.

"పెట్టె ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అన్నాడు కునుకు.

"కింది అరలో పెట్టు, నాకందేటట్టు."

"వచ్చే శనివారం మా ఇంటికి రండి మేడమ్. ఫ్రిజ్ ఉంది, చలవ తప్ప అన్నీ ఇస్తుంది," అన్నాడు వాడు పెట్టె సర్దుతూ.

సోమవారం ప్రిన్సిపాల్‌తో ఏమనాలో ఆమెకి తెలిసిపోయింది. క్లాసు నాదే, ఇక నుంచి ఇళ్లలో జరుగుతుంది. సర్వీసు సెంటరాయనకి ఆ అడ్మిషన్లు ఇవ్వండి, హాయిగా ఉంటుంది.

లాయరమ్మ చేతులు తుడుచుకుంది. "ఇక చివరి అడుగు. వాడేవాళ్ల చేత నడిపించి అప్పగించాలి. రండి మేడమ్."

ఆమె లేచింది. విడిచిన చొక్కాల మూట తీసుకెళ్లి మొగుడి చేతుల్లో పెట్టింది.

"ఈ రోజు నుంచి దీన్ని వాడేది సారు. ఆయనకే నేర్పి అప్పగించండి. నేను చూస్తూ కూర్చుంటాను, మార్కులు వెయ్యాలిగా."

ఆయన ఏదో అనబోయాడు. కునుకు అప్పటికే మెషీన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"సార్, ముందు జేబులు చూసుకోండి."