ఎర్రగీత పడని కార్డు

నిఘంటువు ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంగ్లీషు మాటకైనా ఒక అర్థం వాడుకలోంచి పోయిందనుకుంటే, ఆ అర్థం రాసిన కార్డుమీద ఎర్ర పెన్సిలుతో గీత కొట్టి, వెనక సంతకం పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఆ పని పెద్దాయనది. భార్య పోయేదాకా ఆయన చెయ్యి ఎన్నడూ తడబడలేదు. ఆవిడా అక్కడే కార్డులు రాసేది. ఆ తర్వాత ఆవిడ గుండ్రటి దస్తూరి కనబడితే చాలు, పెన్సిలు పక్కన పెట్టి, కార్డుని చల్లగా అచ్చుకి వెళ్లేవాటిలో కలిపేసేవాడు. ఎవరికేం నష్టంలే అనుకున్నాడు.

నష్టం ఉత్తరం రూపంలో వచ్చింది. ఒక బడిపిల్ల, చనిపోయిన అమ్మమ్మ గురించి స్కూలు పత్రికలో ఇంగ్లీషులో రాస్తూ, వీళ్ల నిఘంటువు చూసి ఆవిణ్ణి ‘సిల్లీ’ అని రాసిందట. అందులో మొదటి అర్థం ‘ధన్యురాలు’ అనే ఉంది మరి. క్లాసంతా విరగబడి నవ్వింది. నాలుగు రోజులుగా పిల్ల బడి మొహం చూడటం లేదని టీచరు రాసింది.

సంపాదకురాలు ఆ ఉత్తరాన్నీ, కార్డునీ తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది. ఆయనకి కూతురి వయసుది, బాబాయ్ అని పిలుస్తుంది. కార్డు తిప్పి చూపించింది. వెనక సంతకం లేదు. పిన్ని పొరపాటు పడిందా అని మెల్లిగా అడిగింది.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీ పిన్ని రాసింది నిజమేనమ్మా. వందల ఏళ్ల కిందట ఆ మాటకి అదే అర్థం. తర్వాత అమాయకురాలన్నారు, ఆ తర్వాత పాపం అన్నారు, చివరికి తెలివితక్కువదాన్ని చేశారు. ఆ అర్థం పోయిందని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పలేకపోయాను.”

ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయని అడిగింది. నలభై ఒకటి అన్నాడు, లెక్క చూసుకోకుండానే.

ముందు ఆ పిల్లకి ఉత్తరం రాశాడు. నువ్వు అమ్మమ్మని అన్న మాట ఒకప్పుడు మంచిమాటేనని, తప్పు నీది కాదు, ఈ ముసలాడిదని రాసి, తన పేరు పూర్తిగా పెట్టాడు. తర్వాత కార్డు దగ్గరికి లాక్కుని, అక్షరాలు చెదరకుండా సన్నగా గీత కొట్టి, సంతకం చేశాడు.

“మిగతావి నేను కొట్టేస్తాలే బాబాయ్. మీరెందుకు.”

“వద్దమ్మా. నేనే కొట్టాలి. కాకపోతే రోజుకొకటి.”

కొత్త ముద్రణకి గడువు దగ్గరపడిందని నెల్లాళ్లుగా అందరినీ పరుగులు పెట్టిస్తున్న మనిషి, కాసేపు గోడమీది క్యాలెండరు వంక చూసింది.

“సరే బాబాయ్,” అంది, “తొందరేం లేదు.”