ఏడున్నరకి షెడ్డు తలుపు

"ఉండు, నేను దించుతా" అన్నాడు కృపాకర్. అని, బండి తుడవడం మొదలుపెట్టాడు.

హెప్సిబా సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లో నిలబడింది. నాలుగింటికి లేచి బర్రెకి మేత వేసింది, పాలు పిండింది, అందరికీ వండింది, మామకి నీళ్ళు కాచింది. అప్పుడెవరూ ఉండమనలేదు. తన పనికి తాను బయల్దేరినప్పుడే ఉండమంటారు. పలకల ఫ్యాక్టరీలో పనికి చేరినప్పటినుంచీ, పదమూడేళ్ళుగా ఇంతే. అతను బండి తుడుస్తాడు. టీ అంగడి దగ్గర ఆపి ఎవరితోనో బోరు మోటారు గురించి మాట్లాడతాడు. ఆమె వెనక సీటు మీద కూర్చుని రోడ్డు చూస్తుంది. సాయంత్రం మార్కాపురంలో పెట్రోలు బంకు పక్కన అరగంట, ఒక్కోసారి గంట. అక్కడ ఊరికే నిలబడిన ఆడమనిషిని పోయేవాళ్ళు రెండోసారి తిరిగి చూస్తారు. అంతా చూసి పోయాక అతనొచ్చి "పద, లేటైంది" అంటాడు, లేటు చేసింది ఆమే అయినట్టు. మొగుడు దించుతాడు, అదృష్టవంతురాలు అంటారు ఊళ్ళో. నిజమే, కాళ్ళకి నొప్పి లేదు. కానీ ఈ పదమూడేళ్ళలో ఒక్కరోజు కూడా తాను ఎన్నింటికి చేరుతుందో తనకి తెలియలేదు.

ఇప్పుడు తెలియాల్సి వచ్చింది. పలకల ఫ్యాక్టరీలో ఏరేబల్లకి పెద్ద మాబూబీ. కళ్ళు మసకలొచ్చి మానుకుంటానంది. ఒక్కో పలకనీ వేలి కణుపుతో తట్టి, మోత విని, పగులున్నదాన్ని పక్కన పెట్టే పని అది. కంటికి కనపడని పగులు చెవికి దొరుకుతుంది. హెప్సిబాకి ఆ చెవి ఉందని మాబూబీయే మేస్త్రికి చెప్పింది.

"బల్లకి పెద్దవంటే ఏడున్నరకి షెడ్డు తీయాల, హెప్సిబమ్మా" అన్నాడు అష్రఫ్ మేస్త్రి. "ఎనిమిదికి పద్నాలుగు మంది వచ్చి కూర్చుంటారు. అప్పటికి నువ్వు ఏరి పెట్టకపోతే వాళ్ళకి పనుండదు. ఆగస్టు నించి అక్టోబరు ఆఖరు దాకా చూస్తా. ఒక్కరోజు లేటైనా వేరే మనిషిని చూసుకుంటా. తర్వాత నన్ను అనుకోవాకు."

మొదటి రోజే ఏడూ ఇరవై తొమ్మిదికి దించాడు కృపాకర్. ఆమె పరుగున పోయి తాళం తీసింది.

ఆ సాయంత్రం గడ్డివామి వెనకనుంచి సైకిలు బయటికి లాగింది. కూతురికి తొమ్మిదో తరగతిలో బడివాళ్ళు ఇచ్చింది. పిల్ల గిద్దలూరు హాస్టలుకి పోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. గొలుసుకి నూనె పెట్టింది. చంద్రశేఖరపురంలో చిన్నప్పుడు నాయన సైకిలు కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కేది. శరీరం మర్చిపోలేదు.

"కోడలు సైకిలెక్కితే కొడుక్కి బండెందుకు? అమ్మెయ్యమను" అన్నాడు మామ సామ్యేలు, ఆమెకి వినపడేట్టు గోడతో.

"బండి చెడిపోయిందా అని నలుగురూ నన్నడుగుతారు. ఏం చెప్పాల?" అన్నాడు కృపాకర్.

"బాగుందని చెప్పు" అంది.

తొమ్మిది కిలోమీటర్లు. ఆగస్టులో పడమటిగాలి ఎదురు. తొక్కినంత తొక్కినా చెట్లు కదిలేవి కావు. తొడలు మంట. నెలసరి రోజుల్లో కూడా తొక్కింది, దారిలో ఒకచోట దిగి కాసేపు కడుపు పట్టుకుని, మళ్ళీ ఎక్కింది. కూతురి పాత చుడీదార్ వేసుకుంటే అత్త రెండు రోజులు మాట్లాడలేదు. బండ్లమీద పోయేవాళ్ళు పక్కకొచ్చి "అక్కా, గేరు మార్చు" అనేవాళ్ళు. మొదట్లో తల దించుకునేది. ఒకరోజు ఒకడితో "మారుస్తా గానీ, ముందు నువ్వు పక్కకి జరుగు" అంది. వాడు జరిగాడు. సెప్టెంబరులో ఎండ వీపు మీద కూర్చుని ఇంటిదాకా వచ్చేది. రోడ్డు మీద ఏ గుంట ఎక్కడుందో ఆమెకి వంటగదిలో డబ్బాల్లాగా తెలిసిపోయింది. ఇంట్లో పని ఒక్కటీ తగ్గలేదు. కానీ ఆ నలభై అయిదు నిమిషాలు ఆమెని ఎవరూ ఏదీ అడగలేదు.

అక్టోబరు ఆఖరున తుపాను. గడువు ఇంకా రెండు రోజులుంది. తెల్లారినా వాన ఆగలేదు.

"ఈ వానలో సైకిలేంది. పది నిమిషాలుండు, తగ్గనీ. నేను దించుతా" అన్నాడు కృపాకర్. ఈసారి నిజంగా ప్రేమతోనే అన్నాడు. అదే కష్టమైంది. ఆమె చూరు కింద నిలబడింది. అతను లోపలికిపోయి టీ పోసుకున్నాడు. ఆరూ ఇరవై అయింది. ఇంకా నిలబడే ఉంది. ఎదురు చూడటం తనకి ఎంత బాగా వచ్చో, కదలని తన కాళ్ళని చూసి తెలుసుకుంది. యూరియా సంచి మడిచి నెత్తిన గొంగడిలా వేసుకుని సైకిలు తీసింది.

దారిలో వాగు చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. ఇవతల అయిదారు బండ్లు ఆగి ఉన్నాయి.

"పోవాకు వదినా" అన్నాడు పక్కింటి శ్రీకాంత్. "సైలెన్సర్లోకి నీళ్ళు పోతే అంతే ఇంక."

"దీనికి సైలెన్సర్ యాడుంది, శ్రీకాంతూ?"

వెంటనే నీళ్ళలోకి దిగలేదు. చప్టా అంచురాళ్ళ తలలు చూసింది. మునగలేదు. కాసేపు చూసింది, నీళ్ళు పెరగలేదు. పిక్కల లోతు. అప్పుడు దిగి, సైకిలుని చేతికర్రలా పట్టుకుని నడిపించింది. ఎడమపక్క మూడో రాయి దగ్గర గుంట ఉంది, దాన్ని తప్పించింది. నడిమధ్యలో నీళ్ళు కాళ్ళని లాగాయి. వెనక హారను. కృపాకర్ బండి నీటి అంచున ఆగింది.

"హెప్సీ, వెనక్కి రా."

వినపడింది. ఒక్కో అడుగే వేసుకుంటూ అవతలికి చేరి అప్పుడు తిరిగి చూసింది. అతను ఆ మగవాళ్ళ వరసలో నిలబడి ఉన్నాడు. కాళ్ళు పొడిగా ఉన్నాయి.

ఏడూ ఇరవై ఎనిమిదికి షెడ్డు తీసింది. బట్టలు కారుతుంటే కూర్చుని పలకలు తట్టింది. పద్నాలుగు మందిలో ఆరుగురే వచ్చారు, అందరూ మార్కాపురంలోనే ఉండేవాళ్ళు. వీధవతలి ఇంటినుంచి మాబూబీ తువ్వాలతో వచ్చి, అడక్కుండానే ఆమె జడ విప్పి నీళ్ళు పిండింది. తొమ్మిదికి అష్రఫ్ ఆటోలో దిగి, ఏరిపెట్టిన దొంతర్లవంక చూశాడు.

"వాగు పారతాందన్నారే. ఎట్ల వచ్చినావు?"

"సైకిలు మీద."

అష్రఫ్ దొంతరలోంచి ఒక పలక తీసి తట్టి చూశాడు. "సోమవారం నించి బల్ల నీది."

"ఇంకా రేపుంది కదా భాయ్, గడువు."

"ఇంక చూసేదేముంది?" అన్నాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. షెడ్డు మూసి రోడ్డెక్కింది. ఊరికి పోయే మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పలేదు. దోర్నాల రోడ్డు పట్టింది. ఆ దారిలో ఆమెకి చుట్టాల్లేరు. కడిగినట్టున్న కొండలు దగ్గరికి వచ్చినట్టు కనపడుతున్నాయి. సంచిలో ఫోను మోగింది.

"వాగు తగ్గింది. యాడున్నావు?" అన్నాడు కృపాకర్.

"దోర్నాల రోడ్డు మీద."

"ఆడ నీకేం పని?"

హెప్సిబా ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని తొక్కుతూనే ఉంది.

"ఏం పన్లేదు" అంది.