తడి గోతాలు

విల్ఫ్ గార్బట్ గోతాన్ని బక్కెట్లో ముంచి, పిండకుండానే, రాతిగోడ సందుల్లో కొత్తగా కూరిన సున్నం మీద కప్పాడు. సున్నం తొందరగా ఆరితే బీటలిస్తుంది. వారం పాటు పూటపూటా తడపాలి. నలభై ఒక్క ఏళ్లుగా ఆ గోడకు అతను చేస్తున్న చాకిరీ అదే. సున్నం ఒరుపుకు అతని వేలిముద్రలు కూడా అరిగిపోయాయి.

క్రైస్తవ సన్యాసుల మఠం ఎప్పుడో కూలిపోయింది. మిగిలింది అతిథిశాల, అదీ సగం. ఒక పొడవాటి గోడ, మసి పట్టిన పొయ్యిగూడు, రెండు కిటికీలు, గుమ్మం పక్కన రాతి అరుగు. ఒకప్పుడు దారిన పోయేవాడెవడు ఆ అరుగు మీద కూర్చున్నా, సన్యాసులు పేరైనా అడక్కుండా రొట్టె, బీరు తెచ్చి ఇచ్చేవారట. చూడవచ్చిన వాళ్లందరికీ విల్ఫ్ ఆ ముక్క తప్పకుండా చెప్పేవాడు.

మరమ్మతు పూర్తయిందని ఇవాళ శాలలో డేరా వేసి విందు పెడుతున్నారు. విల్ఫ్ నల్ల టై కట్టుకొచ్చాడు. భార్య ఈనిడ్‌ను పూడ్చిపెట్టిన రోజున కొన్నది.

"ఏంటయ్యా ఆ టై? పెళ్లికొడుకువా, పీనుగువా?" అంది టీ కొట్టు డాట్.

"భోజనానికి. లమ్లీ మేడమ్ అందర్నీ పిలిచిందిగా."

"అందరూ అంటే నువ్వూ నేనూ కాదులే. కార్డు వచ్చిందా?"

"గోడ కట్టినోడికి కార్డెందుకే?"

డాట్ టీ కప్పు ముందుకు తోసింది.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది.

"మీ పేరండీ?"

"గార్బట్."

ఆమె వేలు కాగితం చివరిదాకా దిగి, మళ్లీ పైకి పోయింది. "లేదండీ."

లోపలి నుంచి, ఆ శిథిలాలను చూసుకునే ట్రస్టు అధ్యక్షురాలు లమ్లీ వచ్చింది. "అయ్యో విల్ఫ్! కుర్చీలు సరిగ్గా లెక్కకి వేశారయ్యా. నీకో ప్లేటు బయటికి పంపిస్తాలే. అన్నట్టు, ఆ తడి గోతాలు తీసెయ్. ఫొటోల్లో అసహ్యంగా పడతాయి."

"ఇప్పుడు తీస్తే సున్నం పగులుద్ది మేడమ్."

"ఒక్క పూటేగా!"

మే నెల ఎండ గోడ మీదే పడుతోంది. విల్ఫ్ గోతాలు ఒక్కొక్కటే తీశాడు. మడతపెట్టి అరుగు మీద పేర్చి, వాటి పక్కన కూర్చున్నాడు. కాల్చిన మాంసం వాసన బయటికి వచ్చింది. లమ్లీ గొంతూ వచ్చింది: "ఈ గుమ్మం ఏనాడూ ఎవర్నీ వెనక్కి పంపలేదు!" చప్పట్లు మోగాయి. ప్లేటు మాత్రం రాలేదు.

మూడింటికి డాట్ రొట్టె ముక్క పట్టుకుని వచ్చింది. విల్ఫ్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. టై ముడి చెదరలేదు.

"లేవయ్యా. ఇదైనా తిను."

చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. రొట్టె ముక్క పట్టుకునే అతని పక్కన కూలబడింది.

అంబులెన్స్ ముందు గేటుకు అడ్డంగా ఆగింది. అతిథుల్ని వెనక దారిన పంపించారు. విల్ఫ్‌ను తీసుకుపోయాక, సున్నం మీద వెంట్రుకంత బీట ఒకటి కనిపించింది. దాని కింద, అరుగు మీద మడతపెట్టిన గోతాల్లోంచి నీళ్లు ఇంకా చుక్కచుక్కగా కారుతున్నాయి.