పైన ఉన్నవాడి గెలుపు

తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్‌లో మునిస్వామి సగం లారీ నింపేశాడు. టమోటా బాక్సును తొడ మీదికి తెచ్చుకుని, ఒక్క ఊపుతో భుజానికెత్తి, లారీ మీది లక్ష్మీపతికి అందించడం ఏళ్ల నాటి అలవాటు. మెడ పక్కన చర్మం కాయకట్టి నల్లబడింది. పనయ్యాక వీధి పిల్లలకు ఉత్తినే కరాటే నేర్పుతాడు. ఆ గంట కోసమే మిగతా రోజంతా మోస్తున్నట్టుంటాడు.

ఆ రోజు లోడు కాగానే ఇద్దరూ కుప్పం బస్సెక్కారు. అక్కడ కరాటే, బాక్సింగు, కుస్తీ అన్నీ కలిపిన పోటీ. 'మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ – 2007' అని బ్యానరు కట్టారు. గెలిచినవాడిని పుంగనూరులో ఒక ప్రైవేటు బడి పీటీ మాస్టరుగా తీసుకుంటుంది.

"ఈ పొద్దుతో బాక్సులు మోసేది అయిపోతాదప్పా," అన్నాడు లక్ష్మీపతి.

ప్రత్యర్థి హేమంత్, శాంతిపురం కుస్తీవాడు. మొదట్లోనే మునిస్వామి కాలు అతని పక్కటెముకలకు తగిలింది. గుద్దుకు హేమంత్ కనుబొమ చిట్లింది. హేమంత్ తూలి, వంగి, కాళ్లు పట్టి పడేసి మీద పడుకున్నాడు. తర్వాతి రౌండ్లలోనూ అంతే. కొట్టడు, వదలడు. రిఫరీ లేపడు. ఒకసారి పట్టు జారి హేమంత్ మోకాళ్ల మీద పడ్డాడు. మునిస్వామి కాలెత్తాడు.

"కింద ఉండేవాణ్ణి తన్నగూడదు!" రిఫరీ అరిచాడు.

ఎత్తిన కాలు దించేలోగా మళ్లీ దొరికిపోయాడు.

జడ్జీల్లో ఇద్దరు పాత కుస్తీ వస్తాదులు. హేమంత్ చెయ్యి ఎత్తించారు.

"సామీ, నెత్తురు ఎవురికి కారతాండాదో సూడండి," అన్నాడు మునిస్వామి.

"కారితే ఏమప్పా? పైన ఎవురుండారో అదే మేం సూసేది," అన్నాడు పెద్ద జడ్జి నింపాదిగా.

ఓడినవాడికి శాలువా కప్పారు. హేమంత్ దగ్గరికొచ్చి, "అన్నా, నిలబడుంటే సచ్చిపోయుందును," అని చెవిలో చెప్పాడు. ఆ మాట జడ్జీల ముందు అనలేదు.

తిరుగు బస్సు పలమనేరులో ఆగింది. కిటికీ సీట్లో శాలువా వేసి, మునిస్వామి టీకి దిగాడు. ఎదురుగా బెంగళూరు బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. టీ చల్లారేదాకా దాన్నే చూశాడు.

"మాయమ్మకు చెప్పు లచ్చీపతీ. ఆడ వాచ్‌మన్ పని సూసుకుంటా."

"రేపు పిల్లోళ్లు వస్తారు గదప్పా?"

"కుస్తీ నేర్సుకోమను."

బెంగళూరు బస్సు ఎక్కేశాడు. బస్సు కదులుతుంటే వెనక్కి చూశాడు. మదనపల్లె బస్సు నిండిపోయింది. చంకలో బిడ్డతో ఒకామె అతని సీటు దాకా వచ్చి, ఎవరో పట్టుకున్నారనుకుని కమ్మీ పట్టుకు నిలబడింది. సాయంత్రపు ఎండలో, ఖాళీ సీటు మీద, జరీ అంచు శాలువా మెరుస్తోంది.