నీడల పట్టికలో పోయిన తప్పులు

పుస్తకంలో ఒక్క తప్పు కూడా కనిపించకపోయేసరికి ఆయన గుండె గుభేలుమంది.

పొద్దున్నే అచ్చాఫీసువాళ్ళు మూడు అట్టపెట్టెలు దింపి వెళ్ళారు. ఆయన తాడు తెంపి పై పుస్తకం తీశాడు. అట్ట చూడలేదు, అట్ట మీద తన పేరూ చూడలేదు. పేజీలు తోసుకుంటూ తిన్నగా నీడల పట్టిక దగ్గరికి పోయాడు. ముప్పై ఏడో వరస. పదిహేను, యాభై అయిదు అని ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. యాభై అయిదే. కింద వరసలు చూశాడు. అన్నీ ఒప్పులే. కుర్చీ దాకా పోలేక పెట్టె మీదే కూలబడ్డాడు.

"బాగా వచ్చిందాండీ?" అని భార్య వంటింట్లోంచి అడిగింది.

ఆయన ఇంకో పుస్తకం తీసి అదే పేజీ తెరిచాడు.

తప్పులు లేని పుస్తకం చూసి ఎవడైనా ఏడుస్తాడా అనుకోవచ్చు. ఈయన పని అలాంటిది. ఈయన లెక్కల చరిత్ర రాసేవాడు. పూర్వం ఏ లెక్క ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎవరి దగ్గర చూసి ఎవరు రాసుకున్నారు అని వెతకడమే ఆయన ఉద్యోగం. కాలేజీలో అందరూ పాతలెక్కలాయన అనేవారు. లెక్కల శాఖవాళ్ళు మీది చరిత్ర కదండీ అని అటు తోసేవారు. చరిత్ర శాఖవాళ్ళు మాకు అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయండీ అని ఇటు తోసేవారు. రెంటికీ చెడ్డ రేవడిలా ఆయన కొలువంతా మెట్ల కింది గదిలో గడిచిపోయింది. పైన ఎవరు దిగినా ఆయన కాగితాల మీద సున్నం రాలేది. ప్రమోషన్ అడిగితే, మీరు కొత్తగా కనిపెట్టిందేమిటి అనేవారు. పాతది కనిపెట్టానండీ అంటే నవ్వేవారు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా నిలబడి, మళ్ళీ మెట్ల కిందికి పోయేవాడు.

ఆ పాతది ఏమిటంటే, వందల ఏళ్ళ కిందటి నీడల పట్టిక. పన్నెండు అంగుళాల పుల్లను నేల మీద నిటారుగా నిలబెడితే, పొద్దు ఎంత ఎత్తున ఉన్నప్పుడు నీడ ఎంత పొడుగు పడుతుందో చెప్పే పట్టిక. అలాంటివి మూడు మిగిలాయి. మూడూ మూడు దూరదేశాల గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఎవరి పట్టిక వాళ్ళే కట్టుకున్నారని లోకం నమ్మింది. లోకాన్ని అలా నమ్మించింది ఇంకో కాలేజీలోని పెద్దాయన ఒకడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. లెక్క సరిగ్గా చేస్తే ఎవడికైనా ఒకే జవాబు వస్తుంది, అందులో వింతేముంది, అనేవాడు ప్రతి సభలోనూ.

పాతలెక్కలాయన సెలవులన్నీ ఆ గ్రంథాలయాలకే పెట్టాడు. అక్కడ కలం లోపలికి రానివ్వరు. పెన్సిలుతో, భూతద్దంతో, ఒక్కో అంకే దించుకునేవాడు. అందరి మొగుళ్ళూ ఊళ్ళకి పోతే ఏదో ఒకటి కొనుక్కొస్తారు, మా ఆయన అంకెలు మోసుకొస్తాడు అని భార్య చుట్టాలకి చెప్పుకునేది. చుట్టాలు నవ్వేవారు. అలా మోసుకొచ్చిన మూడు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. లెక్క ప్రకారం ముప్పై ఏడో వరసలో నీడ పదిహేను అంగుళాలు, ఆపైన అరవయ్యో వంతుల్లో యాభై అయిదు ఉండాలి. ఒకదాంట్లో ముప్పై అయిదని ఉంది. పొరపాటు. రెండోదాంట్లోనూ ముప్పై అయిదే. మూడోదాంట్లోనూ అదే. ఇంకో నాలుగు చోట్ల కూడా మూడూ ఒకేలా తప్పాయి. ఒప్పు ఎవరికైనా ఒకటే వస్తుంది, నిజమే. తప్పు అలా రాదు. ఎవడి తప్పు వాడిది. మూడు దేశాల్లో ఒకే తప్పు ఉందంటే, ముగ్గురూ ఒకడి దగ్గర దించుకున్నట్టే.

ఆయన బతుకులో కనిపెట్టింది ఆ ఒక్క ముక్క. దాని కోసమే ఈ పుస్తకం. చివర ఆ పట్టికని తప్పులతో సహా ఉన్నదున్నట్టు పెట్టాడు. ఆ ముప్పై అయిదు ఎందుకు వచ్చిందో చెప్పడానికి నలభై పేజీల అధ్యాయం ఒకటి రాశాడు. పూర్వం గుణకారం వేరే రకంగా చేసేవారని, ఆ పద్ధతిలో ఫలానా మెట్టు దగ్గర కాలు జారితే సరిగ్గా ఈ అంకే వస్తుందని. ఆ అధ్యాయం కోసం నిద్ర మానుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు చూస్తే పట్టికలో అన్నీ ఒప్పులే. ముందు పేజీల్లో తప్పు తప్పు అని మొత్తుకుంటాడు, వెనక పట్టిక తీస్తే తప్పు లేదు. చదివినవాడు ఈయనకి మతి పోయిందనుకుంటాడు. పెద్దాయన చదివితే ఇంకేమనుకోనక్కర్లేదు, తన మాటే నెగ్గిందని సంబరపడతాడు.

ఎవరు చేశారో వెతుక్కోవలసిన పని లేకపోయింది. ప్రూఫులు వచ్చిన నెలలో ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. చదవకూడదన్నారు. అచ్చాఫీసువాడు చెవిలో జోరీగలా తొందర పెట్టాడు. భార్య తన తమ్ముణ్ణి పిలిపించింది. బామ్మర్ది బడిలో లెక్కల టీచరు. పట్టిక ఒక్కటీ అంకె పొల్లుపోకుండా చూడరా అని ఈయన కంటికి కట్టుతోనే చెప్పాడు. అతను అంతకంటే ఎక్కువే చేశాడు. ప్రతి అంకెనీ మళ్ళీ లెక్క కట్టి చూశాడు. అయిదు తప్పులు దొరికాయి. ఎర్రకలంతో దిద్దాడు. బావ ముసలితనంలో చూసుకోలేదు పాపం అనుకుని, నొచ్చుకుంటాడని చెప్పకుండా ఊరుకున్నాడు. అక్కకి మాత్రం చెప్పాడు, బావ పరువు నేను నిలబెట్టానే అని.

ఆ మాట భార్య నోట ఇప్పుడు బయటికొచ్చింది. ఆయన పెట్టె మీద నుంచి లేచి చెప్పులేసుకున్నాడు.

అచ్చాఫీసు యజమాని ఆయన చెప్పిందంతా విన్నాడు. తప్పొప్పుల పట్టిక ఒకటి కొట్టి ప్రతి పుస్తకంలో పెట్టమని ఆయన అడిగాడు. యజమాని కాగితం మీదున్న అయిదు వరసలూ చూసి, తన దగ్గర పనిచేసేవాణ్ణి పిలిచి చూపించి, మళ్ళీ చూశాడు.

"అయ్యా, తప్పొప్పుల పట్టిక అంటే, తప్పు పడిందండీ, ఇదీ ఒప్పు అని చెప్పేది. మీరు ఒప్పు పడిందండీ, ఇదీ తప్పు అని వేయమంటున్నారు. ముప్పై ఏళ్ళుగా అచ్చేస్తున్నా. బయటికి తెలిస్తే నా ముఖాన నలుగురు ఉమ్మరా?"

ఎంత చెప్పినా అదే మాట. చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నాడు. గ్రంథాలయాలకి పంపాల్సిన కాపీలు సోమవారం దాకా ఈయన ఇంట్లోనే ఉంచుతాడు. ఈలోగా చేత్తో ఏం రాసుకుంటారో రాసుకోండి, నేను చూడలేదంతే, అన్నాడు. ఆయన తాను పనిచేసిన కాలేజీకి కూడా పోయాడు, అక్కడి ప్రిన్సిపాలు పెద్దసారు అచ్చాఫీసుకి నాలుగు మాటలు సిఫారసు చేస్తాడేమోనని. ఒప్పుగా ఉన్నదాన్ని తప్పు చేయమని నేను సంతకం పెట్టాలా అని పెద్దసారు తిరిగి అడిగాడు. మెట్లు దిగి వస్తుంటే తన పాత గది తలుపు తీసి ఉంది. లోపల విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి బామ్మర్ది ముందుగదిలో కూర్చుని పుస్తకం తిరగేస్తున్నాడు. అక్క కబురు పెట్టినట్టుంది. తప్పు చేసినవాడి మొహం కాదు అతనిది, చేయనిదానికి నింద పడ్డవాడి మొహం.

"అక్క ఏదేదో అంటోంది బావా. ఆ అయిదూ తప్పులే కదా? కావాలంటే ఇప్పుడు కట్టి చూపిస్తా."

ఆయనకి అరవాలనిపించింది. అరిచే అలవాటు లేదు. చాప మీద కూర్చుని అడిగాడు.

"ఏరా, నీ క్లాసులో ఇద్దరు పిల్లలకి జవాబు ఒప్పయింది. ఒకడు ఇంకొకడిది చూసి రాశాడని చెప్పగలవా?"

"ఎలా చెబుతాను? ఇద్దరికీ వచ్చేమో."

"ఇద్దరూ ఒకే తప్పు రాశారు. అప్పుడు?"

"అప్పుడు చెప్పేదేముంది, ఇద్దర్నీ బెంచీ..."

బామ్మర్ది అక్కడ ఆగిపోయాడు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా ముగ్గుర్నీ బెంచీ దింపేశావురా," అన్నాడు ఆయన.

బామ్మర్ది లేచి చెప్పకుండానే వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందేమోనని భార్య భయపడింది. మర్నాడు పొద్దున్నే కలాల డబ్బాతో దిగాడు. అన్నీ ఎర్రకలాలే. ఇంట్లో వేరే కలాలు ఉండవట. ఆయన అవి తీసి పక్కన పెట్టి నల్లవి ఇచ్చాడు.

ఒక పుస్తకంలో ఆయనే అయిదు చోట్లా రాసి చూపించాడు. ఒప్పు మీద సన్నగా గీత కొట్టి, పక్కన తప్పు రాయాలి. ఈ పుస్తకం నీ ముందు పెట్టుకో, ప్రతిసారీ దీన్ని చూసే రాయి, నీ బుర్ర వాడకు, అన్నాడు. గుట్టలు పంచుకున్నారు. బామ్మర్దికి మొదటి ముప్పై అయిదు రాయడానికి చెయ్యి రాలేదు. కలం మోపి, తీసి, మళ్ళీ మోపి, పళ్ళ నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టి రాశాడు. ఇన్నేళ్ళలో నా చేత్తో తప్పు రాయడం ఇదే బావా అన్నాడు. ఆయన తల ఎత్తలేదు. ఇంకా కోపం పోలేదు. సిరా ఆరేదాకా పేజీలు తెరిచి పట్టుకోవడం భార్య పని. తమ్ముడి గుట్ట దగ్గర కాసేపు, మొగుడి గుట్ట దగ్గర కాసేపు కూర్చుంది.

పోనుపోను బామ్మర్దికి చెయ్యి అలవాటు పడింది. గీత, అంకె, పక్కకి. గీత, అంకె, పక్కకి. మధ్యలో ఈల కూడా వేశాడు. ఆ ఈల ఆయనకి ఒంటికి కారం రాసినట్టుంది.

ఆదివారం మధ్యాహ్నానికి పని ఒక కొలిక్కి వచ్చింది. ఆయన తన గుట్ట ముగించి, ఊరికే బామ్మర్ది గుట్టలోంచి ఒకటి తీసి చూశాడు. ముప్పై ఏడో వరస బాగుంది. నలభై ఒకటో వరసలో పదమూడు, పద్ధెనిమిది అని తప్పు రాయాలి. పదమూడు, ముప్పై అయిదు అని ఉంది. అది ఒప్పూ కాదు, పాత తప్పూ కాదు. ఎక్కడా లేని కొత్త తప్పు. ఇంకోటి తీశాడు. ముప్పై అయిదే. ఇంకోటి. అదే.

"ఏరా, నేను రాసిచ్చిన పుస్తకం ఏదీ?"

బామ్మర్ది అటూ ఇటూ చూశాడు. అది ఎప్పుడో గుట్ట కిందికి పోయింది. చెయ్యి చాచి తీయడం బద్ధకమై, ఒకటి రాయగానే దాన్నే పక్కన పెట్టుకుని, చూసి తర్వాతది రాశాడు. దాన్ని చూసి ఆ తర్వాతది.

ఆయన తల పట్టుకున్నాడు. గీకితే కాగితం చిరుగుతుంది. మళ్ళీ కొట్టేసి రాస్తే ఒక్క అంకెకి మూడు అంకెలై ఎవడికీ అర్థం కాదు. మళ్ళీ అచ్చేయించే తాహతు లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. బామ్మర్ది చెవులు ఎర్రబడ్డాయి.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన చేతులు వాటంతట అవే గుట్ట దించడం మొదలుపెట్టాయి. పైనుంచి ఒక్కోటే తీసి, తెరిచి, పక్కన పెట్టాడు. సగం దాటి కిందికి వచ్చాక పద్ధెనిమిది కనిపించింది. అంటే దాని మీది పుస్తకంలోనే మొదలయింది. ఆ పుస్తకం వెలుగులోకి తెచ్చి చూశాడు. ముప్పై ఏడో వరసలో సిరా పలచగా, నిదానంగా ఉంది. నలభై ఒకటో వరసలో కలం కొత్తగా మోపినట్టు చుక్క లావుగా పడింది. మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టిన చెయ్యి.

"ఇక్కడ లేచావు. ఎందుకు?"

భార్యే గుర్తు చేసింది.

"నిన్న నేనే కదరా పిలిచాను? భోజనం చల్లారిపోతోంది, లేవరా అని. ఆ వరస అయ్యాక వస్తానన్నావు, ఊరుకోలేదు నేను. తిని వచ్చి మళ్ళీ కూర్చున్నావు."

తిని వచ్చి కూర్చున్నవాడి చేతిలో లేవకముందు రాసిన ముప్పై అయిదే ఉండిపోయింది. దాన్నే దించాడు. అంతే సంగతి.

ఆయన చాలాసేపు ఆ లావుచుక్క వంక చూశాడు. తర్వాత తన పుస్తకంలో పాత గుణకారం అధ్యాయం తీశాడు. నలభై పేజీలు. వేలితో అంచు తోసి చూసి, మూసేశాడు. అది కూడా అచ్చయిపోయింది.

"ఏం చేద్దాం బావా?" అన్నాడు బామ్మర్ది.

"ఏం చేస్తాం. పోనీ. మిగిలినవి సరిగ్గా చూసి రాయి." పుస్తకం పక్కకి నెట్టి, "ఎవడో వస్తాడు ఎప్పుడో. వీటిని పక్కపక్కన పెట్టుకుని, ఇవన్నీ ఒక్కడి చేతిలోంచి వచ్చాయని కనిపెడతాడు. ఎందుకు తప్పాడో మాత్రం వాడికీ తెలిసి చావదు. నలభై పేజీలు రాస్తాడు," అన్నాడు.

అతను నవ్వాలో వద్దో తెలియక కలం అందుకున్నాడు. గుట్ట కింద నుంచి ఆయన తాను రాసిచ్చిన పుస్తకం లాగి, బామ్మర్ది ముందు ధబీమని పెట్టాడు.

వంటింట్లోంచి భార్య పిలిచింది, భోజనం చల్లారిపోతోందని. ఇద్దరూ లేవలేదు. ఆమె మళ్ళీ పిలిచింది, ఈసారి కాస్త గట్టిగా. బామ్మర్ది నలభై ఒకటో వరసలో ఉన్నాడు. పదమూడు, పద్ధెనిమిది అని పైకి చదువుకుంటూ రాసి, బావకి చూపించి, ఆయన తల ఊపాక కలానికి మూత పెట్టాడు.