ఎత్తని చెయ్యి

సోములమ్మ మైదా ముద్దను పిడికిలితో అదిమి, మడిచి, మళ్లీ అదిమింది. సోడా లేదు, ఉప్పు లేదు. నీళ్లు, చెంచాడు నూనె, అంతే. చలికి ముద్ద బిగుసుకుంటోంది. పదిసార్లు అదిమేసరికి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. పోయిన నెల ఇరవైకి ఒకసారి ఆగింది. అంతకు ముందు నెల ఆగినట్టు గుర్తులేదు.

ముద్దను పీట మీద పలచగా పరిచి, కత్తి మొనతో నిలువుగా, అడ్డంగా గీతలు పెట్టింది. గీతల దగ్గర విరిస్తే ముక్కలన్నీ ఒకే కొలతలో వస్తాయి. పెనం మీద వేసి, పొంగకుండా తడిగుడ్డతో అద్దుతూ కాల్చింది. గూడెంలో ఇంకో ముగ్గురు ఈ రొట్టె చెయ్యబోయి, మాడ్చి, వదిలేశారు. వేళ్లకంటుకున్న పిండిని చెంబుడు నీళ్లతో కడిగి, ఆ నీళ్లు కాఫీ మొక్క మొదట్లో పోసింది. నాకి చూడలేదు. తను చేసే రొట్టె రుచి ఆమెకు తెలియక మూడేళ్లయింది.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. అందరికీ రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తారు. తప్పు చేసినవాళ్లకు ఇవ్వరు. సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా వాళ్లు ఆ కాసేపూ బయట వరండాలో కూర్చోవాలి. సోములమ్మ మూడేళ్లుగా వరండాలో కూర్చుంటోంది. మూడేళ్లుగా రొట్టె కూడా ఆమే చేస్తోంది. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదిరాయని అడిగినవాళ్లు లేరు.

పక్కింటి రత్న బిందె చంకనబెట్టుకుని గెడ్డకు వెళుతూ గుమ్మంలో ఆగింది.

"నీ రొట్టె ఊరంతా తింటాది వదినా, నువ్వు వాసనతో సరిపెట్టుకుంతావు. ఓ ముక్క ఇరిసి నోట్లో ఏసుకుంటే ఎవుడు సూడొచ్చాడు?"

"ఇక్కడ తింటే ఇది రొట్టే" అంది సోములమ్మ. "అక్కడ, అందరితో తింటేనే అది బల్ల."

రత్న నవ్వి, అసలు కబురు చెప్పింది. పాస్టరుగారికి సీతంపేట బదిలీ అయింది. సాయంత్రం నాలుగింటికి జీపు. కొత్తాయన వానలు వెళ్లాక గానీ రాడట. అందాకా బల్ల లేనట్టే. ఈ పూట ఆయనకు చర్చి దగ్గరే భోజనాలు పెట్టి పంపుతున్నారట.

రత్న వెళ్లిపోయాక సోములమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఇది ఫిబ్రవరి. వానలు వెళ్లేసరికి ఎనిమిది నెలలు. చీర అంచు పైకి తీసి పాదాలు చూసుకుంది. వేలితో నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆసుపత్రి డాక్టరు గుండె బాగోలేదని, వైజాగ్ పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చాడు. తోడు వచ్చే మనిషి లేడు. ఇచ్చిన మాత్రలు దీపావళికే అయిపోయాయి.

ఎనిమిది నెలలు ఆమె దగ్గర లేవు. బల్ల దొరికితే ఇవాళ దొరకాలి.

ఆమె చేసిన తప్పు ఒక కుండ మోయడం.

పాత దిసారి సోంబరు గుడిసె ఆమె ఇంటి వెనకే ఉండేది. పండుగలకు, విత్తులకు ముహూర్తం పెట్టే పెద్దమనిషి. పక్షవాతం వచ్చి పడిపోయాడు, మాట పోయింది. అతని కొడుకు ఫల్గుణ అప్పటికే సంఘపెద్ద. కాఫీ తోటలో మేస్త్రీ. రేకుల ఇల్లు కట్టుకుని గూడెం పై కొసకు మారాడు. దిసారి గుడిసెలో అడుగుపెడితే సంఘం ఏమంటుందోనని దూరంగా ఉన్నాడు. నలభై రోజులు గంజి పట్టింది, పక్కబట్టలు ఉతికింది సోములమ్మ.

చైత్రంలో ఇటుకల పండుగ, గూడెం విత్తుల పండుగ, వచ్చింది. ఆ రోజు దిసారి ఇంట్లోని విత్తనాల కుండ గ్రామదేవత జాకరమ్మ రాళ్ల దగ్గరికి వెళ్లాలి. అందులోంచి పిడికెడు గింజలు తెచ్చి సొంత విత్తనంలో కలపనిదే గూడెంలో ఎవరూ పొలంలోకి దిగరు. కుండ మోయాల్సింది దిసారి, లేదంటే కొడుకు. సోంబరు లేవలేడు. కొడుకు రాడు. ముసలాయన కుండ వైపు చెయ్యి చూపిస్తూ ఏడ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏడ్చాడు. సోములమ్మ కుండ నెత్తికెత్తుకుంది. రాళ్ల దగ్గర దించింది. దణ్ణం పెట్టలేదు. తిరిగొచ్చి గంజి పొయ్యి మీద పెట్టింది.

సంఘంలో ఇరవై రెండు కుటుంబాలు. ఆ వారంలో ఇరవై ఒక్క కుటుంబాలు కుండలోంచి గింజలు తెచ్చుకున్నాయి. కొందరు వెళ్లి తెచ్చుకున్నారు, కొందరు పక్కవాళ్ల చేత తెప్పించుకున్నారు. ఫల్గుణ భార్య కొంగున మూట కట్టుకుని పోవడం సోములమ్మ కళ్లారా చూసింది. తెచ్చుకోని ఇల్లు సోములమ్మది ఒక్కటే. ఆమెకు ఆ గింజల మీద నమ్మకం లేదు. తన పొలం చెక్కలో ఉత్త చోడిగింజలే చల్లింది. అందరికీ పండినట్టే పండాయి.

మరుసటి ఆదివారం ఆమె బల్ల ఆపేశారు. విగ్రహానికి కుండ మోసిందని సంఘంలో నిలబడి చెప్పినవాడు ఫల్గుణ. ఆ నెలలోనే సోంబరు పోయాడు.

రొట్టె చల్లారుతుండగా ఫల్గుణ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బైబిలు.

"వందనాలు అత్తా."

"వందనాలు బాబూ. కూకో."

కూర్చోలేదు. పాస్టరుగారితో మాట్లాడానన్నాడు. నిలబడి చెప్పక్కర్లేదట. ప్రార్థనలో తను అడుగుతాడు, ఆమె చెయ్యెత్తితే చాలట.

"అందరూ కళ్లు మూసుకునుంతారు. ఎవులూ సూడరు. నాను సూసి అయ్యగారికి సెప్తాను. అయిపోద్ది."

"ఏటని ఎత్తాల?"

"తప్పయిందని."

"నీ బాబు కుండ మొయ్యడం తప్పంటావేటి?"

ఫల్గుణ చొక్కా గుండీ సవరించుకున్నాడు. తప్పా ఒప్పా అని ఎవరడిగారన్నాడు. "మాట వరసకే అత్తా. మేవందరం ఎత్తట్లేదేటి?"

అది నిజమే. ఉపవాసం ఉంటామని ఎత్తుతారు. అబద్ధమాడమని ఎత్తుతారు. సారా మానేస్తామని పొద్దున ఎత్తిన చేతులు సాయంత్రానికి మళ్లీ గ్లాసు మీదే ఉంటాయి. చెయ్యెత్తడానికి ఖర్చు లేదు.

"అందరూ మూసుకుంతారు బాబూ" అంది సోములమ్మ. "ఆయన మూసుకోడు గదా."

ఫల్గుణ బైబిలు చంకలోకి మార్చుకున్నాడు. ఆమె ఇప్పుడు ఏ మాట ఎత్తుతుందో అతనికి తెలుసు. కొంగున కట్టిన గింజల మాట. మూడేళ్లుగా దానికే భయపడుతున్నాడు. ఆ ఒక్క మాట పాస్టరుగారి చెవిన పడితే వరండాలో కూర్చునేది ఎవరో ఇద్దరికీ తెలుసు.

సోములమ్మ పొయ్యిలో కర్రను వెనక్కి లాగి నీళ్లు చల్లింది.

"రొట్టె సల్లారింది. ఎల్దారి పద" అంది.

"నీ మంచికే సెప్పాను" అని అతను ముందు నడిచాడు.

చర్చి వంద అడుగుల మెట్ట మీద ఉంది. ఆమె మూడు చోట్ల కూర్చుంది. మూడో చోట, బండ మీద, కళ్లు మూసుకుంటే పదమూడేళ్ల కిందటి సంగతి కదిలింది. జ్వరాలకు పిల్లలిద్దరూ నాలుగు రోజుల తేడాలో పోయిన ఏడాది. మొగుడు అంతకు ముందే పోయాడు. పాచిపెంట నుంచి ఒక ముసలి బైబిలమ్మ నడిచొచ్చి తొమ్మిది రోజులు ఇంట్లో ఉంది. గంజి కాచింది, తల దువ్వింది. ఏ దేవుడి పేరూ చెప్పలేదు. పదో రోజు సోములమ్మే అడిగింది, నిన్ను పంపినవాడెవడని. మొదటి బల్లప్పుడు ఆ ముసలమ్మే పక్కన కూర్చుని పళ్లెం ఈ చేతికి అందించింది. రుచి పోయినా ఆ అందించడం గుర్తుంది. ఎనిమిది నెలలు ఆగలేని ఆకలి దానికే.

రొట్టె బల్ల మీద పెట్టి, వెనక వరసలో రత్న పక్కన కూర్చుంది. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. ప్రార్థనకు అందరూ తలలు వంచారు. ఫల్గుణ గొంతు సవరించుకున్నాడు. తప్పిపోయి తిరిగి రావాలనుకునేవాళ్లు ఉంటే చెయ్యెత్తమన్నాడు.

రేకుల మీద మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి.

సోములమ్మ కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది. రొమ్ము దాకా వచ్చింది. రత్న కళ్లు మూసుకోలేదు, ఓరగా చూస్తోంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. నలభై రోజులు ఆ చేత్తోనే గంజి పట్టింది, ఆ చేత్తోనే కుండ ఎత్తింది. అది తప్పని ఇప్పుడు అదే చెయ్యి ఒప్పుకోవాలి.

ఫల్గుణ రెండోసారి అడిగాడు. చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగిపోయింది.

ఆమేన్ అన్నారు. ఎవరూ చెప్పకముందే సోములమ్మ లేచి గోడ పట్టుకుంటూ బయటికి నడిచింది.

వరండాలో భోజనాల కోసం అడ్డాకుల కట్ట, వెదురు పుల్లలు పెట్టి ఉన్నాయి. గోడకు ఆనుకుని విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టింది. లోపల పాట అందుకున్నారు. పళ్లెం వరసల్లో తిరుగుతున్న చప్పుడు, గాజు కప్పులు తగిలిన చప్పుడు తెలుస్తూనే ఉన్నాయి. ముందు నాలుగు విస్తళ్లకు ఒకసారి ఆగింది. తర్వాత రెండింటికి. తర్వాత ప్రతి ఆకుకూ. పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోదానికి మూడు ఆకులు కలిశాయి. నాలుగో ఆకు మీద చెయ్యి ఆగింది. ఊపిరి అందాక కుడదామనుకుంది. ఊపిరి అందలేదు.

జనం బయటికొచ్చి కునుకు తీస్తోందనుకున్నారు. రత్న ఆమె భుజం మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే చతికిలబడింది.

పాస్టరుగారు మోకాళ్ల మీద ప్రార్థన చేశారు. మంచి మనిషి, కళ్లు తుడుచుకున్నారు. వాచీ కూడా చూసుకున్నారు. తను వెళ్లేలోపే పాతిపెట్టాలి. బల్ల లేనివాళ్లకు సంఘం సమాధుల్లో చోటివ్వరు. ఆయన ఫల్గుణను పక్కకు పిలిచి, ప్రార్థనలో ఏం జరిగిందని అడిగారు.

ఫల్గుణ శవం వైపు చూశాడు. ఆమెకు ఏదో ఒక మేలు చెయ్యాలని నిజంగానే అనుకున్నాడు.

"సెయ్యెత్తింది అయ్యగారూ. నాను సూశాను."

కళ్లు మూసుకున్నవాళ్లు కాదనలేదు. పాస్టరుగారు తేలిగ్గా ఊపిరి వదిలి సంఘం పుస్తకం తెప్పించి రాశారు: ఒకటి రెండు రెండువేల నాలుగు, సోములమ్మ, తప్పు ఒప్పుకున్నందున తిరిగి చేర్చుకోబడినది.

రత్న నోరు తెరిచింది. ఫల్గుణ ఆమెకేసి చూశాడు. రత్న ఇంట్లోనూ ఆ ఏడాది గింజలు కుండలోంచి వచ్చినవే. కాదంటే వదినను ఎక్కడ పెడతారు? ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

రెండున్నరకల్లా మట్టి కప్పారు. వండిన అన్నం ఉంది, పాస్టరుగారు పస్తుతో వెళ్లకూడదు. పదకొండు విస్తళ్లు ముందు వరసకు వేశారు, తక్కువైనవి ఎవరో కుట్టారు. నాలుగింటికి జీపు మెట్ట దిగిపోయింది.

ఎంగిలాకులు ఎవరివి వాళ్లు తీసి పారేశారు. ఎప్పుడూ వరండా ఊడ్చేది ఆమే కనక, ఇవాళ ఎవరికీ ఆ పని తట్టలేదు. గోడవార మూడాకుల విస్తరి ఒకటి, నాలుగో ఆకులో సగం దిగిన వెదురు పుల్లతో, సాయంకాలపు ఎండకు అంచులు ముడుచుకుంటూ పడి ఉంది.