ఇంకాస్త అసహ్యం

"అసహ్యం సరిపోలేదమ్మా. ఇంకాస్త కావాలి," అన్నాడు డబ్బింగ్ ఇన్‌చార్జి, అద్దం అవతలి నుంచి.

మైకు ముందున్న పిన్ని తలూపి, ఫ్లాస్కులో వేడినీళ్లు ఓ గుక్క తాగింది. పొద్దున్నుంచి అరిచి అరిచి గొంతు గీరుకుపోయింది. తెరమీద పరాయి భాష తల్లి ఒకతె కొడుకు ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ పెదవులు కదలగానే పిన్ని అందుకుంది.

"ఛీ! నిన్నా నేను కన్నది? పురిట్లోనే గొంతు పిసికేసినా పీడ పోయేది!"

"అదీ! ఇప్పుడు పండింది," అని ఇన్‌చార్జి తొడ చరుచుకున్నాడు.

మూల బెంచీ మీద కూర్చున్న చిలక తెరకేసే చూస్తున్నాడు. ఏ గొంతైనా ఇట్టే పట్టేస్తాడని స్టూడియోలో వాడికా పేరు. తల్లి పోయాక పిన్నే పెంచింది. పాలపళ్లు ఊడకముందే తీసుకొచ్చి పిల్లల పాత్రలకు మైకు ముందు నిలబెట్టింది. ఇప్పుడు వాడికి పద్దెనిమిదేళ్లు.

"సార్, ఆవిడ నవ్వుతోంది కదండీ," అన్నాడు చిలక.

"అక్కడ మొహం తీసేసి గోడగడియారం చూపిస్తాంలే."

అసలు సినిమాలో ఆ తల్లి అన్నది వేరు. 'నాకెప్పుడో తెలుసురా. లే, అన్నం తిందువుగాని' అంది. బడిలో చదివే ఇద్దరు మగపిల్లలు ఒకరినొకరు ఇష్టపడ్డ కథ అది. ఒకడు రెండోవాడికి ఆ మాట చెప్పబోయిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడుతుంది. నిన్న అసలు భాషలో, కింద పడే అక్షరాలు చదువుకుంటూ చూసి చిలక పడీపడీ నవ్వాడు. చివర కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సినిమాని కొన్న పెద్దమనిషికి ఆ నవ్వు చాలలేదు. "ఆఖర్న ఇద్దరికీ అమ్మాయిలతో పెళ్లిచూపులు పెడుతున్నాం. నీతీ ఉంటుంది, వెకిలీ ఉంటుంది. రెండూ అమ్ముడుపోతాయి," అన్నాడు ఇన్‌చార్జి, పళ్లు కుట్టుకుంటూ.

చిలక వంతు వచ్చింది. సైకిళ్ల షెడ్డులో సీను. తెరమీద కుర్రాడు వణికిపోతూ 'నువ్వంటే నాకిష్టం. నవ్వకు' అంటాడు. చిలక చేతికిచ్చిన కాగితంలో 'ఓలమ్మో, సిగ్గేస్తోంది బావా!' అని ఉంది.

"సాగదియ్యాలి. మూతి తిప్పుతున్నట్టుండాలి," అన్నాడు ఇన్‌చార్జి.

చిలక సాగదీశాడు. అద్దం అవతల అందరూ విరగబడి నవ్వారు. పక్కన నిలబడి రెండో కుర్రాడికి గొంతిస్తున్న బొంగురోడూ నవ్వాడు. మొన్న కరెంటు పోయినప్పుడు మెట్ల మీద చీకట్లో చిలక చెయ్యి పట్టుకుని, దీపాలు వెలిగేదాకా వదలనివాడు ఆ బొంగురోడే.

హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే వినిపించింది. చిలక దాన్ని ఒక చెవి మీంచి పక్కకి జరిపాడు.

"ఇంకోసారి!"

"నేననను సార్."

"ఏం, గొంతు పట్టేసిందా?"

"గొంతు బానే ఉంది. ఆ అబ్బాయి అలా మాట్లాడట్లేదు."

"వాడేమన్నా నీ చుట్టమా?"

"నాలాంటోడు సార్."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. పిన్ని ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయింది, బిగిసిన మూతనే మళ్లీ మళ్లీ.

"ఆ మైకు మీద స్పాంజి మార్చండ్రా," అన్నాడు ఇన్‌చార్జి.

మార్చింది బొంగురోడు. పాతదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చెత్తబుట్టలో వేశాడు. చిలక వైపు చూడలేదు. తన బొంగురు గొంతుని సన్నగా చేసి, సాగదీసి, ఆ మాట అనేశాడు. అద్దం అవతల మళ్లీ నవ్వులు.

"ఏమ్మా, రేపు నీకింకా సీన్లున్నాయి. నువ్వు రా. వీడు మాత్రం ఈ గుమ్మం తొక్కకూడదు," అన్నాడు ఇన్‌చార్జి.

"అలాగేనండి," అంది పిన్ని.

ఇద్దరూ బస్టాపుకి నడిచారు. మురిక్కాలువ పక్కన నిలబడ్డాక పిన్నే అంది.

"నోరు మూసుకుని అనేస్తే నీ సొమ్మేం పోయేదిరా? ఎవరడిగారని చెప్పావు?"

"నీకు తెలీదా పిన్నీ?"

ఆమె కాలువలోకి చూసింది. "తెలిస్తే మాత్రం? తెలిసినవన్నీ నోటితో అంటామా?"

"పొద్దున్నుంచి నువ్వు అంటూనే ఉన్నావుగా."

"అవి అన్నది ఆ బొమ్మలో పిల్లాణ్ణిరా!"

"వాడి మొహమే చూస్తూ అన్నావు. నేను వెనకే కూర్చున్నాను."

బస్సు వచ్చింది. పిన్ని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మెట్టు మీద ఒక కాలు పెట్టింది. వాడు రావడం లేదని అప్పుడు చూసింది.

"ఎక్కరా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"రేపు వెళ్తావా?"

"వెళ్లకపోతే ఎవరు పెడతారు మనకి?"

"నేనింకో పని చూసుకుంటా. నువ్వు వెళ్తావా, అది చెప్పు."

"ఏమ్మా, ఎక్కుతావా దిగుతావా?" కండక్టరు కసిరాడు.

ఊచ పట్టుకుని, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద, పిన్ని అలాగే నిలబడింది. బస్సులో వాళ్లు గొణుగుతున్నారు. ఆమె నోరు తెరిచింది. చిలక కదల్లేదు.